మూడు వడ్డించకూడదు

వాగు అవతలి బేస్ క్యాంపు
జూలై

ఇంద్రసేన మామకు శ్రీదివ్య రాయునది.

నేను క్షేమం. నువ్వు అడగకముందే చెబుతున్నాను, పులి ఇంకా కనబడలేదు. అడుగులు చూశాను. అవి పులివేనని మా వాచర్ బుగ్గయ్య అంటే నమ్మాను. అడవిలో బీట్ ఆఫీసరంటే ఏదో అనుకున్నాను గానీ, పొద్దంతా నడవడం, రాత్రికి అన్నం వండుకోవడం, ఇంతే. ఇక్కడ సెల్‌ఫోను టైం చూసుకోవడానికి తప్ప పనికిరాదు. వారానికొకసారి రేషన్ జీపు వస్తుంది. అదే మా పోస్టాఫీసు. రేంజ్ ఆఫీసులో ఒక ఫోనుంది కానీ, నువ్వు పోయిన నెల పెద్దసారు గొంతుతో మాట్లాడి "పులుల ఆధార్ నంబర్లు సాయంత్రంలోపల పంపాలె" అన్నప్పటి నుంచి మా రేంజర్ గారు నీ పేరు వింటేనే రిసీవర్ పెట్టేస్తున్నారు. అందుకని ఉత్తరమే రాయి.

అసలు విషయం. విద్యాసాగర్ రాశాడు. చిక్కడపల్లి లైబ్రరీలో నాతో ఒకే బల్ల మీద ఇన్నేళ్లు చదివిన మనిషి. నాకు ఉద్యోగం వచ్చింది, అతను ఇంకా అదే కుర్చీలో ఉన్నాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయట మామా. ఉప్పు పూర్తిగా మానెయ్యాలని డాక్టరు గట్టిగా చెప్పాడట. మానకపోతే ఏమవుతుందో కూడా చెప్పాడట, అది నాకు రాయలేదు. నారాయణగూడ గదిలో పొయ్యి వెలిగించనివ్వరు. నీ మెస్ డబ్బా తప్ప అతనికి ఇంకో దారి లేదు. నవంబరులో పరీక్ష. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరిది.

అత్తతో చెప్పి అతనికి ఉప్పు లేకుండా విడిగా వండించు. డబ్బా మీద చేత్తో చీటీ రాసి అంటించు. స్టిక్కర్లు కొట్టే నా ఎక్సెల్ షీటు జోలికి మాత్రం పోకు. అందులో ఉప్పు ఎలా కలపాలో నిదానంగా రాస్తాను. అతని డబ్బా నీ చేతిలో పెడుతున్నాను మామా. ఈ ఒక్కదాంట్లో ఆటలాడకు.

దివ్య

*

అరుంధతి మెస్, అశోక్‌నగర్
జూలై

పులుల మేనత్త శ్రీదివ్యమ్మకు మామ ఆశీస్సులు.

ఉత్తరం చేరింది. పదో తరగతి దగ్గరే బడికి దండం పెట్టినవాడిని, నాకు ఉత్తరం రాయమంటే పిల్లికి భజన నేర్పినట్టే. అయినా రాస్తున్నాను. రేంజర్ గారిని అడిగానని చెప్పు. ఆధార్ నంబర్లు ఇంకా రాలేదు.

విద్యాసాగర్‌ను చూశాను. ముఖం జర ఉబ్బింది. "ఏంది సాగరూ, అల్లుని కళ వచ్చిందే" అన్నాను. నవ్వాడు. నీ పేరు చెప్పగానే చేతిలో ఉన్న పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు. ఇంతకంటే నేనేమీ రాయను, నాకెందుకు.

ఇక నీ పని. జోలికి పోకు అన్నావు. పోయాను. అయిపోయింది కూడా. నీ షీటులో ఏముందో నాకు తెలియదనుకున్నావా? ప్రతి డబ్బా మనిషికి ఒక సంఖ్య ఉంటుంది. ఉల్లి తిననివాడికి ఒకటి, వెల్లుల్లి తిననివాడికి రెండు, గుడ్డు తిననివాడికి నాలుగు, కారం వద్దన్నవాడికి ఎనిమిది, పెరుగు వద్దన్నవాడికి పదహారు. పొద్దున బటన్ నొక్కితే పేరు, వద్దన్నవి ఏవో, స్టిక్కర్ మీద వస్తాయి. అది చూసి ముత్యాలు డబ్బా నింపుతుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది?

నీ లిస్టు చూస్తే ఒకటి, రెండు తర్వాత మూడు లేదు. చూడగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మీ అమ్మమ్మ ఎవరికీ మూడు రొట్టెలు వడ్డించేది కాదు. రెండన్నా వేసేది, నాలుగన్నా వేసేది. మూడు వడ్డిస్తే మంచిది కాదనేది. మనవరాలు ఎంత చదివినా ఆచారం విడవలేదని ముచ్చటేసింది. ఐదు, ఆరు, ఏడు ఎందుకు విడిచావో మాత్రం తెలియలేదు. అవి ఏ దేవుడివో నీకే తెలియాలి.

మూడు ఖాళీగా ఉంది కదా అని లిస్టు కింద "3 ఉప్పు వద్దు" అని కొట్టాను. విద్యాసాగర్ పేరు పక్కన మూడు వేశాను. బటన్ నొక్కితే చక్కగా స్టిక్కర్ వచ్చింది. ఉప్పు వద్దు అనే వచ్చింది. దానితో పాటు ఉల్లి వద్దు, వెల్లుల్లి వద్దు అని కూడా వచ్చింది. సాగర్ డబ్బా విప్పి "ఉల్లిగడ్డ ఎందుకు తీసినవన్నా" అని అడిగాడు. "ఉప్పు పోయినంక ఉల్లితో ఏం సుఖం, వైరాగ్యం నేర్చుకో" అన్నాను.

మీ అత్త చిన్న గిన్నెలో విడిగా వండుతోంది. ఇక నిశ్చింతగా పులులను కాయి.

మామ

*

అశోక్‌నగర్
శ్రావణం, మొదటి శుక్రవారం

దివ్యమ్మకు,

నీ నుంచి జవాబు లేదు. వాగు పొంగిందని పేపర్లో చూశాను. నిన్ను పులి తిన్నదని మీ అమ్మకు చెబుదామనుకుని, మీ అత్త చూపు చూసి ఆగాను.

ఇక్కడ జరిగింది వింటే నవ్వి నవ్వి చెట్టెక్కుతావు. చిక్కడపల్లి భజన బృందం తెలుసు కదా, కాశీవిశ్వనాథం గారి జట్టు. ఉల్లి, వెల్లుల్లి రెండూ ముట్టరు. వాళ్ల డబ్బాల్లో ఉప్పు లేదట. ఒకరోజు కాదు, రోజూనట. ఆయన మెస్‌కు వచ్చి నిలబడి, "ఇంద్రసేనా, నీ వేళాకోళం మానవా? భగవంతుడికి నైవేద్యం పెట్టి నోట్లో వేసుకుంటే చప్పిడి. స్వామి కూడా ముఖం చిట్లించి ఉంటాడు" అన్నాడు.

నేను ఏ ఆటా ఆడలేదు, ఒట్టు. కానీ ఊళ్లో ఇంత పెద్ద వేళాకోళం నా పేరు మీద తిరుగుతుంటే కాదని ఎట్లా అనను? "స్వామికి బీపీ ఉన్నదేమో అడగండి పంతులుగారు" అన్నాను. ఆయన నవ్వలేదు. వెనక నిలబడ్డ పిల్లలు నవ్వారు. నారాయణగూడ చౌరస్తా దాకా పోయింది ఈ మాట.

లోపలికి వచ్చి స్టిక్కర్లు చూస్తే, భజనవాళ్లందరికీ "ఉప్పు వద్దు" అని కొట్టి ఉంది. నీ మెషిన్ నాకంటే పెద్ద కోణంగి. ఎందుకట్లా చేస్తోందో తీరికగా రాయి, తొందరేం లేదు. జర ఆట నడవనీ.

శ్రావణం వచ్చింది కదా, సగం అశోక్‌నగర్ ఉల్లి, వెల్లుల్లి మానేసింది. పరీక్ష పాసయ్యేదాకా మానుతున్నామని హాస్టల్ పిల్లలు కూడా. వాళ్లందరికీ మూడు వేశాను. ఇప్పుడు వాళ్లకూ "ఉప్పు వద్దు" అని వస్తోంది. ముత్యాలు వచ్చి "అన్నా, ఉప్పు లేని గిన్నె నడిమిట్లనే అయిపోతున్నది, ఎనుక డబ్బాలకు ఏం పొయ్యాలె" అంది. "అయిపోతే మామూలుది పొయ్యి. భక్తులకు ఉప్పు పెడితే మనకే పుణ్యం" అన్నాను.

విద్యాసాగర్ బాగున్నాడు. డబ్బా గీకి తింటున్నాడట, ముత్యాలు చెప్పింది. ఉప్పు లేని కూర అంత ఇష్టంగా తినేవాడిని నేనెక్కడా చూడలేదు.

మామ

*

బేస్ క్యాంపు
శ్రావణం

మామా,

నీ మొదటి ఉత్తరం ఇప్పుడే అందింది. వాగు పొంగి జీపు ఇన్నాళ్లూ రాలేదు. ఇది ఎప్పుడు బయలుదేరుతుందో తెలియదు, అందుకని జీపు వచ్చేలోగానే రాసి పెడుతున్నాను.

మూడు తీసెయ్. ముందు ఆ పని చేసి, ఆ తర్వాత మిగతా ఉత్తరం చదువు.

నేను ఆచారం పాటించలేదు. నీకు తెలిసిన లెక్కే చెబుతాను. కూరగాయల తక్కెడ గుర్తు తెచ్చుకో. ఒక కిలో రాయి, రెండు కిలోల రాయి, నాలుగు, ఎనిమిది, పదహారు. ఈ రాళ్లుంటే ఏ తూకమైనా తూచవచ్చు, ప్రతి తూకానికీ రాళ్లు కుదిరే పద్ధతి ఒక్కటే. మూడు కిలోలు కావాలంటే మూడు కిలోల రాయి ఉండదు. ఒకటీ రెండూ కలిపి వేస్తావు. నా షీటులో మనిషి సంఖ్య అంటే తూకం. మూడు ఉన్న మనిషి అంటే ఉల్లి రాయి, వెల్లుల్లి రాయి రెండూ ఉన్న మనిషి. ఆ బటన్ వెనక నేను రాసిన మాక్రో చేసేది ఒక్కటే పని. లిస్టులో ఉన్న ఒక్కో రాయిని తీసుకుని, "ఇది ఈ మనిషి తూకంలో ఉందా" అని అడుగుతుంది. ఉంటే స్టిక్కర్ మీద కొడుతుంది.

నువ్వు ఉప్పుకు మూడు ఇచ్చావు. కాబట్టి ఉల్లి, వెల్లుల్లి తినని ప్రతివాడిలోనూ దానికి ఉప్పు వద్దన్న మాట కనబడుతుంది. అది మోసం చేయలేదు మామా. నువ్వు చెప్పిందే చేస్తోంది.

ఉప్పుకు కొత్త రాయి కావాలి. పదహారు తర్వాత రాయి ముప్పై రెండు. లిస్టులో 3 కొట్టేసి 32 వెయ్. విద్యాసాగర్ పక్కన 32 వెయ్. అతను ఉల్లి తింటాడు, వెల్లుల్లి తింటాడు, ఉప్పొక్కటే వద్దు. ఇంకెక్కడా చెయ్యి పెట్టకు.

నా భయం ఏమిటంటే, అత్త ఒక మనిషికే వండుతుంది. అది పదిమందికి పంచితే ఆఖరివాడికి ఏం మిగులుతుంది? విద్యాసాగర్ డబ్బా ఎప్పుడూ చివర నింపేదే కదా, అతను లైబ్రరీ నుంచి లేచేదే ఆలస్యం. ఒకసారి ముత్యాలక్కను అడుగు.

దివ్య

*

అశోక్‌నగర్
భాద్రపదం

దివ్యా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. వాడిని ఆసుపత్రిలో చేర్చింది మొన్న.

లైబ్రరీలో కుర్చీలోంచి లేవబోయి పడిపోయాడు. ఊపిరి ఆడలేదు. కాళ్లు చెప్పుల్లో పట్టనంత ఉబ్బాయట. చదువుకునే పిల్లలు ఆటోలో వేసి పెద్దాసుపత్రికి తీసుకపోయి నాకు ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి మాస్క్ పెట్టి ఉంది. ఒంట్లోకి నీరు చేరి ఊపిరితిత్తుల దాకా వచ్చిందన్నారు. డాక్టరమ్మ నన్ను అన్నో తమ్ముడో అనుకుని, "ఇంతగనం ఉప్పు ఎవరు పెట్టిన్రు ఈయనకు" అని అడిగింది. నాకు తెలియదన్నాను. అప్పటికి నిజంగానే తెలియదు.

నీ ఉత్తరం చదివి ముత్యాలును పిలిచాను. సాగర్ డబ్బాలో ఏం పోస్తున్నావని అడిగితే, "గిన్నె అయిపోతే మామూలుది పొయ్యమన్నవు గద అన్నా. శ్రావణం పడ్డ కాడ్నుంచి మామూలుదే పోస్తున్న" అంది. దాని తప్పేం లేదు. నేను చెప్పిన మాట నాకే తిరిగి చెప్పింది.

నేను అన్నది భజనవాళ్ల గురించి. స్టిక్కర్ల మీద "ఉప్పు వద్దు" అనేది అంతా మెషిన్ వేళాకోళమే అనుకున్నాను. వాటి నడుమ నిజంది ఒకటి ఉందని మరిచాను.

నువ్వు రావాలి. వాడు నీ పేరు అడగడం లేదు, అందుకే నువ్వు రావాలి. రేంజ్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇంద్రసేనను అనగానే పెట్టేశారు. వేరే పేరు చెప్పి చేశాను. "నీ గొంతు మాకు తెలుసయ్యా" అన్నారు.

మామ

*

బేస్ క్యాంపు
భాద్రపదం

మామా,

నీ శ్రావణం ఉత్తరం, ఈ ఉత్తరం ఒకే జీపులో వచ్చాయి. రెండూ ఒకదాని తర్వాత ఒకటి చదివాను.

భజన బృందం సంగతికి నవ్వాను. రెండోదానికి నవ్వు రాలేదు. అంత బాగా రాశావు, చెప్పులు పట్టనంత కాళ్లు, డాక్టరమ్మ మాట, అన్నీ. రెండేళ్ల కింద అత్త కాశీకి పారిపోయిందని రాసినప్పుడు కూడా రైలు పేరు, బోగీ నంబరు రాశావు. అమ్మ మూడు రోజులు అన్నం తినలేదు. నీకు గుర్తుందా? మాకు గుర్తుంది.

నేను తక్కెడ రాళ్ల పాఠం చెప్పాను కదా, దానికి కోపమొచ్చి ఇది కల్పించావని నాకు తెలుసు. మూడు తీసేశావా లేదా అదొక్కటే రాయి. విద్యాసాగర్ పేరు మీద మాత్రం ఇట్లాంటి ఆట ఇంకోసారి వద్దు. ముందే చెప్పాను.

దివ్య

*

అశోక్‌నగర్
భాద్రపదం

దివ్యా,

కల్పించలేదు.

నా రాతే అంత. ఏది రాసినా వెనక నేను నవ్వుతున్నట్టే ఉంటుంది. ఒట్టు పెడదామంటే, కాశీ ఉత్తరంలో కూడా ఒట్టు పెట్టాను.

మాస్క్ తీశారు. మాట్లాడుతున్నాడు. వారానికి మూడుసార్లు రక్తం కడుగుతున్నారు. ఎన్నాళ్లని అడిగితే డాక్టరమ్మ, "ఉన్నన్నాళ్లు" అంది. ఇంకో కిడ్నీ దొరికితే వేరే సంగతట. కరీంనగర్ నుంచి వాడి అక్క వచ్చింది. నాకు దండం పెట్టి, "ఇన్నేండ్లు నా తమ్మునికి అన్నం పెట్టిండ్రు" అంది. నేను బయటికి వచ్చి నల్లా దగ్గర నిలబడ్డాను.

నిన్న వాడిని అడిగాను. "సాగరూ, ఉప్పు పడుతున్నదని నాలుకకు తెలియలేదా?"

"తెలిసిందన్నా. మొదటి ముద్దకే తెలిసింది."

"మరి చెప్పొద్దా?"

"నువ్వే దయతలిచి ఉప్పు ఏయిస్తున్నవనుకున్న. నీ ఆటలల్ల ఇది మంచి ఆట అనుకున్న. అడిగితే ఆపేస్తవని అడగలే." ఆయాసంతో దిండుకు ఆనుకున్నాడు. "పొద్దంత చదివి చదివి వచ్చి ఆ చప్పిడి తిండి తింటుంటే చచ్చిపోయినట్టు ఉండేదన్నా. పరీక్ష దాక ఏం కాదులే అనుకున్న."

నన్ను తిట్టు, మెస్ ముందు నిలబడి తిట్టు అన్నాను. తిట్టలేదు. "వదినె పప్పుచారు బాగుండే" అన్నాడు.

నవంబరు పరీక్ష హాల్ టికెట్ ఎట్లా తీసుకోవాలో అడుగుతున్నాడు. వాడి అక్క నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను.

నన్ను నమ్మవు కాబట్టి, కింద మీ అత్త చేత రాయిస్తున్నాను.

మామ

బిడ్డా, నిజమే. జల్ది రా. అరుంధతి.

*

బేస్ క్యాంపు
ఆశ్వయుజం

మామా,

అత్త చేతిరాత చూశాను.

సెలవు కోసం రేంజర్ గారి దగ్గరికి నడిచి వెళ్లాను. ఉత్తరం చూపించాను. పైనుంచి కిందికి చదివి, "మీ మామే కదమ్మా రాసింది" అన్నారు. కింద అత్త రాసింది చూపిస్తే, "అది మాత్రం ఆయన రాయలేడా" అన్నారు. ప్రొబేషన్‌లో సెలవంటే ఆసుపత్రి కాగితం ఉండాలట. ఆయన చెడ్డవారు కాదు. ఆ రోజు నీ ఫోన్ నిజమనుకుని ఆయన పై ఆఫీసుకు ఆధార్ నంబర్ల గురించి ఉత్తరం రాసి చీవాట్లు తిన్నారట. నాకు ఇప్పుడే చెప్పారు.

కాగితం పంపు.

విద్యాసాగర్‌కు నేను ఒక మాట చెప్పకుండా వచ్చాను. అతని ఆఖరి పరీక్ష కదా, ముందే చెబితే పుస్తకం మీద మనసు నిలవదని ఆగాను. పరీక్ష కాగానే వచ్చి మీ అందరి ముందు అడుగుదామనుకున్నాను. నీకు ఎప్పుడో తెలుసు, నువ్వు పుస్తకం తలకిందుల సంగతి రాసినప్పుడే నాకర్థమైంది. ఆ మాట అతనికి నువ్వు చెప్పకు.

మామా, ఒకటి అడుగుతాను. నీ జీవితంలో ఎన్ని అబద్ధాలు రాశావో నాకు తెలుసు. ఇంకొక్కటి రాయి. ఇదంతా ఆట, నిన్ను ఏడిపించడానికే అని ఒక్క ముక్క రాయి. అత్త కూడా కలిసి ఆడిందని రాయి. నేను నమ్ముతాను. తిట్టను.

దివ్య

*

అశోక్‌నగర్
ఆశ్వయుజం

దివ్యా,

ఆసుపత్రి కాగితం ఇందులో పెట్టాను. ముద్ర ఉంది, డాక్టరమ్మ సంతకం ఉంది. రేంజర్ గారికి నా తరఫున క్షమించమని చెప్పు. చెబితే అది కూడా ఆటే అనుకుంటారేమో, అట్లయితే చెప్పకు.

నువ్వు రాయమన్న ముక్క రాద్దామని కాగితం తీశాను. "అంతా ఆటే బిడ్డా" అని మొదలుపెట్టాను కూడా. నా చేతికి అది కొత్త పనేం కాదు కదా. రాలేదు. ఆ కాగితం చింపేసి ఇది రాస్తున్నాను.

నువ్వు చెప్పింది చేశాను. మూడు కొట్టేశాను. ఉప్పుకు ముప్పై రెండు, వాడికి ముప్పై రెండు. పక్కన ముత్యాలును నిలబెట్టి ఒక్కో అంకె చదివించుకున్నాను. మర్నాడు బటన్ నొక్కితే కాశీవిశ్వనాథం గారికి ఉల్లి వద్దు, వెల్లుల్లి వద్దు అని వచ్చింది. విద్యాసాగర్‌కు ఉప్పు వద్దు అని వచ్చింది. ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఎంత చక్కగా వచ్చిందో చూస్తే నువ్వు సంతోషించేదానివి.

ఆసుపత్రిలోకి బయటి డబ్బా రానివ్వరు. అయినా వాడి స్టిక్కర్ రోజూ వస్తోంది. మొదటి రోజు ముత్యాలు దాన్ని వేలి మీద పెట్టుకుని, "దీన్ని ఏం చెయ్యాలన్నా" అంది. తనే వాడి డబ్బాకు అంటించి నింపింది. మీ అత్త చిన్న గిన్నెలో వండుతూనే ఉంది, ఆపమని నేను చెప్పలేదు, ఎందుకు వండుతున్నావని ఆమెను అడగలేదు.

భజనవాళ్లు ఇప్పుడు ఏమీ అనడం లేదు. కాశీవిశ్వనాథం గారు ఆసుపత్రికి కూడా వెళ్లి వచ్చాడు. దారిలో కనబడితే, "ఇంద్రసేనా, ఏమైనా అనవయ్యా, నువ్వు నోరు మూసుకుంటే భయమేస్తున్నది" అన్నాడు. వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

నీ మాట వాడికి చెప్పలేదు. నువ్వే వచ్చి చెప్పు. వాగు తగ్గినా తగ్గకపోయినా రా.

వాడి పేరు లిస్టులోంచి ఎట్లా తీయాలో నాకు తెలియదు. వాడి అక్క కరీంనగర్ తీసుకపోతానంటోంది, అప్పుడైనా తీయాలి కదా అని ముత్యాలు అంది. అది మాత్రం నాకు రాసి పంపకు.

ఆ డబ్బా రోజూ మధ్యాహ్నం నేనే తింటున్నాను. ఇరవై ఏళ్లుగా మీ అత్త చేతి వంట తింటున్నాను, ఉప్పు లేకుండా అది ఎట్లా ఉంటుందో ఇన్నాళ్లూ నాకు తెలియలేదు. వాడు శ్రావణం పడేదాకా రోజూ తిన్నాడు. నేను నాలుగో ముద్ద దగ్గర ఆగిపోతున్నాను.

మామ